శాలువా, మీటరు, నేను

పొద్దున బీరువా తలుపు తీశాను. ముందు ముక్కిన వాసన, ఆ వెనకాలే నా నల్ల శాలువా. మడత వెంబడి బూడిద చల్లినట్టు తెల్లటి నూగు. వేలితో రాస్తే పొడిలా లేచిపోయింది, రాసిన చోట ఏమీ ఎరగనట్టు నల్లగా నిగనిగలాడింది. బూజుని ఇంట్లో దులపకూడదని తెలుసు. తెలిసీ అక్కడే దులిపేశాను. ఆ సిద్ధబీజాలు, అంటే బూజు విత్తనాల్లాంటివన్నీ, ఈపాటికి పక్క అరలో మా ఆయన స్వెటర్ల మీద హాయిగా సర్దుకుని ఉంటాయి. ఉండనీ.

నా కోపం బూజు మీద కాదు, ఆ తేమ మీటరు మీద. వారం నుంచీ దాన్ని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు గదిగదికీ తిప్పుతూ "హాల్లో 68 శాతం, వంటింట్లో 74" అని వార్తలు చదువుతున్నారు. 60 దాటకూడదట. సరే, దాటింది, అయితే ఏం చేస్తారు? కిటికీ తెరుస్తారు. బయటేమో ముసురు, ఇంట్లో కంటే తడిగాలి. అరగంటకి 79. అప్పుడు కిటికీ మూసి ఫ్యాను వేస్తారు. మూసిన గదిలో ఫ్యాను ఉన్న తేమనే తిప్పుతుంది గానీ బయటికి గెంటదు కదా అంటే, "గాలి ఆడాలి" అంటారు. ఆడాల్సింది బీరువాలో. సోఫా మీద కాదు.

అసలు ఆ మీటరు నిజమే చెబుతోందా అని నోరుజారాను. అంతే, డబ్బాలో ఉప్పు పోసి, కాసిని నీళ్లతో ముద్ద చేసి, పక్కన మీటరు పెట్టి మూత బిగించారు. అలా రాత్రంతా ఉంచితే డబ్బాలో తేమ 75 దగ్గర నిలబడుతుంది. తెల్లారి చూస్తే మీటరు 73 అంది. అంటే ఆయన చదివిన వార్తలన్నిటికీ రెండు కలుపుకోవాలి. ఆ సంగతి నాకేదో నగ చేయించినంత సంబరంగా చెప్పారు. డబ్బా కడిగింది మాత్రం నేను.

అమ్మకి మీటరు ఆవిడ చెంపే. దండెం మీంచి తీసిన ప్రతి బట్టనీ జేబు అడుగునా, నడుం పట్టీ దగ్గరా, కుట్టు దళసరిగా ఉన్న చోటా చెంపకి ఆనించి చూసేది. చేతికి పొడిగా అనిపించేది కూడా అక్కడ చల్లగా తగిలేది, లోపల ఇంకా నీరు ఆవిరవుతుంటుంది కాబట్టి. బడికి టైమైపోతోందని నేను చొక్కా లాక్కుంటుంటే, నా చెంపకే అద్ది, "ఇంకా ఏడుస్తోందే, వెయ్యకు" అనేది. ఎండలోంచి తెచ్చిన బట్టలు వేడి మీద మడత పెట్టనిచ్చేది కాదు. చాప మీద పరిచి, చల్లారాకే పెట్టెలోకి. దాచే చీరలకి గంజి పెట్టేదే కాదు, గంజి బూజుకి విందు అనేది. ఎంత నిదానం ఈవిడ, అని విసుక్కునేదాన్ని.

అలాగని అమ్మ చేసినవన్నీ ఒప్పులేం కావు. ప్రతి అరలోనూ గుప్పెడు కలరా ఉండలు పోసేది. అవి పురుగుకి, బూజుకి కాదు. ఇద్దరం ఆ వాసనతోనే పెళ్లిళ్లకి వెళ్లేవాళ్లం.

ఇంత తిట్టాక ఒకటి ఒప్పుకోక తప్పదు. ఆ శాలువాని ఆవిరి ఇస్త్రీ చేసి, వేడి మీదే మడిచి, అట్టడుగున వెనక్కి తోసింది నేనే. బీరువా వెనకది బయటి గోడ, వానకి చల్లబడి ఉంది. గదిలో 68 ఉన్న గాలే అక్కడ మూడు డిగ్రీలు చల్లబడితే 80 దాటుతుంది. ఉన్న నీరు అంతే, చల్లబడితే అది ఆవిరిగా ఉండగలిగే హద్దు తగ్గుతుంది, అందుకే శాతం పెరుగుతుంది. మీటరు బీరువా వెనక పెట్టి చూపించింది కూడా ఆయనే. 82. కాదు, రెండు కలిపితే 84. ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది, నేనూ నాలుగు అనేదాన్ని.

ఇద్దరం కలిసి బీరువాని జానెడు ముందుకి లాగాం. మధ్యాహ్నం ఓ అరగంట నీరెండ కాస్తే శాలువాని బయట బ్రష్షుతో దులిపి, సబ్బు నీళ్లలో నానేసి, ఎండ పోయిందని పడగ్గదిలో ఫ్యాను కింద ఆరేశాను. రెండు గంటల్లో గదిలో అంకె ఆరు పెరిగింది. దాని గురించీ ఎవరూ ఏమీ అనలేదు.

ఇప్పుడే లేచి వెళ్లి శాలువా అంచు చెంపకి ఆనించి చూశాను. ఇంకా ఏడుస్తోంది.