మాట పోయిన అయిదు నెలలు

అప్పటికి మావాడికి అయిదేళ్లు నిండి రెండు నెలలు. వీధంతా వినబడేలా వాగే పిల్లాడు. ముందు పిలిస్తే పలకడం మానేశాడు, నెల తిరక్కుండా మాటే మానేశాడు. చెవుడేమోనని బెరా అనే వినికిడి పరీక్ష చేయించాం. చెవులు బాగానే ఉన్నాయి.

ఒక డాక్టరు అయిదు నిమిషాలు చూసి, "ఆటిజమేనమ్మా, ఇంక మనసు సర్దుకోండి" అన్నాడు. బయటికొచ్చాక మా ఆయన బండి తాళం కోసం జేబులన్నీ వెతుక్కున్నాడు. చేతిలోనే ఉంది. "ఫోనిచ్చి నువ్వే పాడుచేశావు" అంది మా వదిన. అది మాత్రం మర్చిపోను.

నాలుగు నెలలు థెరపీకి తిప్పాం. తర్వాత ఆ రాత్రి. రెండింటప్పుడు మంచం కదిలితే లేచాను. మూతి ఓ పక్కకి లాక్కుపోయింది, చొంగ కారుతోంది, కుడిచెయ్యి కొట్టుకుంటోంది. పేరు పెట్టి అరిచాను. అరుస్తుండగానే గుర్తొచ్చింది, నా మాట వాడికి వినబడినా తెలియదని. అత్తయ్య తాళాలగుత్తి చేతిలో పెట్టింది. నిజానికి పక్కకి తిప్పి పడుకోబెట్టాలట, అంతే.

పిల్లల న్యూరాలజిస్టు మేడం ఫిట్స్ గురించి తర్వాత అడిగారు. ముందు అడిగింది, "మాటలు ఎప్పుడొచ్చాయి, ఎప్పుడు పోయాయి?" ఆటిజంలో వచ్చిన మాటలు పోతే ఎక్కువగా ఏడాదిన్నర, రెండేళ్లలోపేనట. మాట పోయే ఇంకో జబ్బు రెట్ సిండ్రోమ్, అది దాదాపు ఆడపిల్లలకే, చేతులు నలుపుకుంటూనే ఉంటారు. రెండేళ్లు దాటాక మాటతోపాటు ఆట, పాయిఖానా అలవాటు కూడా పోతే దానికి చైల్డ్‌హుడ్ డిసింటిగ్రేటివ్ డిజార్డర్ అని వేరే పేరుండేది. 2013 నుంచి దాన్నీ ఆటిజంలోనే కలిపేశారు. మావాడు నా మొహంలోకి చూసేవాడు, కొంగు లాగి కావలసింది చూపించేవాడు. ఒక్క మాటే పోయింది.

నిద్రలో ఈఈజీ, అంటే తలకి తీగలంటించి మెదడులో కరెంటు చూసే పరీక్ష, తియ్యాలి, రాత్రి నిద్ర ఆపమన్నారు. పెదవాల్తేరులో మా డాబా మీద, సముద్రంలో లంగరేసిన ఓడల దీపాలు చూపిస్తూ కూర్చున్నా. వాడు వేళ్లు మడిచి లెక్కపెట్టాడు, నోరు విప్పకుండా.

లాండౌ–క్లెఫ్‌నర్ అన్నారు. 1957లోనే రాసిపెట్టిన జబ్బు. నిద్రలో మెదడులో కరెంటు చెలరేగి మాటని మింగేస్తుంది. మందుగా ఇచ్చిన స్టెరాయిడ్లకి మొహం పూరీలా ఉబ్బింది, ఆకలని అర్ధరాత్రి లేచి ఏడ్చేవాడు. మూడేళ్లు దాటిన పిల్లలకి మాట పోతే నిద్రలో ఈఈజీ అడగండి, సిగ్గుపడకండి. అందరికీ మాట పూర్తిగా రాదట. మావాడికీ పెద్ద వాక్యాలు ఇంకా తడబడతాయి.

ఈఈజీ జిగురు అంటుకున్న ఆ జుట్టు అత్తయ్య మొక్కు ప్రకారం సింహాచలం అప్పన్నకిచ్చాం. మందా, మొక్కా అని మా ఇంట్లో ఇప్పటికీ తగువే. గుండు తడుముకుని వాడన్నాడు, "అమ్మా, చల్లగుంది."