పాత కాగితం

"లోపల కోత అడ్డంగా, కింద భాగంలోనే పెట్టారమ్మా. ఈసారి నొప్పులొచ్చేదాకా ఆగి, మామూలు కాన్పుకి ప్రయత్నించొచ్చు."

నా పాత సిజేరియన్ డిశ్చార్జి కాగితంలో గర్భసంచి కోత గురించి రాసిన ఆ ఒక్క లైను కింద డాక్టరమ్మ ఎర్ర పెన్నుతో గీశారు. ఒంగోలు ఆసుపత్రిలో అంతమంది ముందు నాకు ఏడుపొచ్చేసింది.

పైకి కనిపించే మచ్చతో తెలియదంట, గర్భసంచి మీద కోతే లెక్క. ఆపరేషన్ కాగితాలు పారేయకండమ్మా, దయచేసి.

ఒక సిజేరియన్ తర్వాత ప్రయత్నిస్తే నూటికి 72 నుంచి 75 మందికి మామూలు కాన్పే అవుతుందట. లోపలి కుట్టు విడిపోయేది 200 మందిలో ఒకరికి. ఆ ఒక్కరు నేనైతే అని టెన్షన్ ఉంది. అందుకే కందుకూరులో ఇంటి పక్కన ఆసుపత్రిలో కాన్పు వద్దనుకున్నాం. అర్ధరాత్రయినా ఆపరేషన్ థియేటరు, రక్తం సిద్ధంగా ఉండే చోటే కావాలి.

అత్తమ్మేమో "ముహూర్తం చూసి ఆపరేషన్ చేయించుకుంటే పోలా" అంటున్నారు. వచ్చే చెకప్‌కి ఆవిడనీ తీసుకెళ్తా. డాక్టరమ్మ నోటితోనే వినాలి.