తమ్ముడు లేని గుణదల

బయల్దేరే ముందు రోజు రాత్రి అమ్మ సంచి సర్దుతుంటే చూశాను. చీర, తువ్వాలు, కొబ్బరికాయ, కొవ్వొత్తులు, అన్నిటికీ అడుగున మడతపెట్టిన నీలం రెక్సిన్ షీటు. తమ్ముడి పక్క మీద వేసే షీటు అది.

"ఆడు లేడు కదమ్మా, ఇదేటికి?" అన్నాను.

"ఉండనీ" అంది. నేనూ తియ్యలేదు.

మాది విజయనగరం పక్కన నెల్లిమర్ల. నాన్న జూట్ మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో బెజవాడ గుణదల కొండ మీద జరిగే మరియమాత ఉత్సవాలకి వెళ్లడం మా ఇంటి అలవాటు. ఆటోలో విజయనగరం స్టేషనుకి వెళ్లి, రాయగడ నుంచి వచ్చే గుంటూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కేవాళ్లం. తమ్ముడికి నాలుగేళ్లప్పుడు మొదలైంది ఈ ప్రయాణం. 27 ఏళ్లు బతికి, పోయిన వానాకాలంలో నిమోనియాతో వాడు వెళ్లిపోయాడు.

వాడికి సెరిబ్రల్ పాల్సీ. కాన్పు కష్టమైంది, పుట్టగానే ఏడవలేదు. మెదడుకి అప్పుడు తగిలిన దెబ్బ ఆ తర్వాత పెరగదని డాక్టర్లు చెప్పారు. ఒళ్లు మాత్రం ఏటికేడు బిగుసుకుపోతూనే వచ్చింది. కూర్చోలేడు, మాట్లాడలేడు, నమలలేడు. వీపుకి దిండ్లు పెట్టి, తల కాస్త ముందుకి వంచి, జావ చెంచాడు చెంచాడు పోస్తే మింగేవాడు. తొందరపడితే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒక పూట తిండికి ముప్పావు గంట. పుళ్లు పడకుండా రాత్రిళ్లు రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. అమ్మకి అలారం అక్కర్లేదు, ఆ వేళకి మెలకువ వచ్చేసేది. ఇప్పటికీ వస్తోంది.

ఇవన్నీ వాడి జబ్బు సంగతులు. వాడి సంగతి వేరు. వాడికి మిల్లు కూత అంటే ప్రాణం. షిఫ్టు వదిలిన కూత వినపడితే నాన్న వచ్చేస్తాడని వాడికి తెలుసు. నోరంతా తెరిచి నవ్వేవాడు, కాళ్లు టపటపా మంచానికేసి కొట్టేవాడు. నాన్న రిటైరై పక్కనే కూర్చుని ఉన్నా, కూత రాగానే గుమ్మం వైపే చూసేవాడు. అప్పుడు నాన్న లేచి పెరటి దారిన వెళ్లి, చుట్టూ తిరిగి, వీధి గుమ్మంలోంచి లోపలికి వచ్చేవాడు. రోజూ.

వాడి ఎడమ చెయ్యి నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టు ఉంటుంది. మణికట్టు లోపలికి వంగి, బొటనవేలు లోపల ఇరుక్కుని, పిడికిలి గట్టిగా బిగిసి ఉండేది. పొద్దున్నే అమ్మ కొబ్బరినూనె వేడిచేసి తెచ్చేది. వేళ్లు పట్టుకుని లాగకూడదు, లాగితే ఇంకా బిగుస్తాయి. ముందు మణికట్టుని మరికాస్త లోపలికి వంచాలి. అప్పుడు వేళ్లు వాటంతటవే వదులవుతాయి. అరచేతిలో పట్టిన చెమట తుడిచి, నూనె రాసి, చుట్టిన జేబురుమాలు అందులో పెట్టేది.

ఆ చెయ్యి తెరుచుకోవాలనే ఇన్నేళ్లూ మొక్కుకున్నాం. నాన్న తలనీలాలు ఇచ్చాడు. ఒకసారి ఎవరో చెబితే స్వస్థత కూటానికి కూడా తీసుకెళ్లాం. అక్కడ ప్రసంగించినాయన, ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదో ఉందనీ, అదే అడ్డుపడుతోందనీ అందరి ముందూ అన్నాడు. అమ్మ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. ఆ మాట నేను ఈ రోజుకీ మన్నించలేకపోతున్నాను. సంగతి తెలిసి మా చర్చి ఫాదర్ ఇంటికొచ్చారు. యోహాను సువార్త 9వ అధ్యాయం తీసి చదివారు. ఇతను గుడ్డివాడుగా పుట్టడానికి పాపం చేసింది ఇతనా, కన్నవాళ్లా అని శిష్యులు అడుగుతారు. ఇద్దరూ కాదంటాడు యేసు. అమ్మ ఆ ముక్క ఇంకోసారి చదవమంది. ఫాదర్ మళ్లీ చదివారు.

వాడికి దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో ఇచ్చే పలుచని అప్పం, మొదటిసారి ఇచ్చిందీ ఆయనే. బియ్యపు గింజంత తుంచి, చెంచాలో నీళ్లతో నానబెట్టి, నాలుక మీద పెట్టి, మింగేదాకా అలాగే వంగి నిలబడ్డారు. గుడిలో జనమంతా ఆగారు.

ఈసారి రైల్లో మా వీధి ఆవిడే ఎదురు బెర్తులో కలిసింది. మంచి మనిషి, మనసులో ఏమీ పెట్టుకోదు. "పోన్లే వదినా, ఆడికీ విముక్తి, మీకూ విముక్తి" అంది అమ్మ చెయ్యి పట్టుకుని. వాడు పోయిన నాటి నుంచి ఈ మాట ఎంతమంది నోట విన్నామో లెక్కలేదు.

"మేం అడగలేదమ్మా విముక్తి" అంది అమ్మ. తర్వాత బెజవాడ దాకా ఏమీ మాట్లాడలేదు.

గుణదల కొండ మీద మాత స్వరూపాన్ని నిలిపింది ఫాదర్ ఆర్లాటి. ఈ మాత లూర్దు మాతే. ఫ్రాన్స్‌లోని లూర్దులో బెర్నదెత్తు అనే 14 ఏళ్ల పిల్లకి మరియమాత మొదటిసారి కనిపించింది 1858 ఫిబ్రవరి 11న. అందుకే ఇక్కడ ఆ రోజు అంత జనం. 1993 నుంచి కథోలిక సభ అదే తేదీని ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా జరుపుతోంది. లూర్దుకి ఇన్నేళ్లలో కోట్ల మంది వెళ్లారు. సభ పరీక్షించి అద్భుతమని ఒప్పుకున్న స్వస్థతలు 70కి కాస్త పైన, అంతే. ఇంటర్ చదివేటప్పుడు ఈ లెక్క తెలిసి చాలా ఏడ్చాను. మిగతా వాళ్లంతా వెళ్లినట్టే తిరిగి వచ్చారు. చాలామంది మరుసటి ఏడు మళ్లీ వెళ్లి ఉంటారు, మాలాగే.

మెట్లు ఎక్కుతుంటే ఒకచోట నాన్న ఆగిపోయాడు. తమ్ముడు పెద్దయ్యాక ప్లాస్టిక్ కుర్చీకి రెండు వెదురుబొంగులు కట్టి మోసేవాళ్లం, ఊపిరి తీసుకోడానికి దించే చోటు అది. నాన్న, మా ఆయన, మా చిన్నాన్న కొడుకు. నాలుగో మనిషి ఎప్పుడూ దారిలోనే దొరికేవాడు. ఒక ఏడు అప్పుడే గుండు చేయించుకుని వస్తున్న కుర్రాడు, తన కొబ్బరికాయ నా చేతిలో పెట్టి బొంగు అందుకున్నాడు. మార్కు సువార్తలో పక్షవాత రోగిని మోసుకొచ్చి, ఇంటికప్పు విప్పి యేసు ముందుకి దించిన నలుగురి పేర్లూ లేవు. మా నాలుగోవాళ్ల పేర్లూ మాకు తెలియవు.

గుహ దగ్గరికి వచ్చేసరికి ఒకామె మెట్టు మీద కూర్చుని ఉంది. ఒళ్లో ఆరేళ్ల బాబు. అదే మణికట్టు, అదే పిడికిలి. తడిగుడ్డతో అరచెయ్యి తుడవాలని వేళ్లు విప్పబోతుంటే బాబు ఏడుస్తున్నాడు. అమ్మ అడక్కుండానే పక్కన కూర్చుంది. "లాగకు తల్లీ. ముందు మణికట్టు వంచు, ఇలాగ." వేళ్లు మెల్లగా విచ్చుకున్నాయి.

"మీకెలా తెలుసమ్మా?"

"మా గుంటడిదీ ఇలాంటి చెయ్యే" అంది అమ్మ.

నేను మాత ముందు నిలబడ్డాను. ఏం అడగాలో తోచలేదు. పరలోకంలో వాడు పరుగులు పెడుతుంటాడని చాలామంది ఓదార్చారు. ప్రేమతో అన్నవాళ్లే. కానీ పరుగెత్తేవాణ్ణి నేనెలా గుర్తుపట్టేది? మరణం నుంచి లేచిన ప్రభువు చేతుల్లో మేకుల గుర్తులు అలాగే ఉన్నాయని యోహాను 20వ అధ్యాయంలో ఉంది. మహిమ శరీరంలో కూడా ఆయన వాటిని ఉంచుకున్నాడు. శిష్యుడు తోమా నమ్మింది ఆ గుర్తులు చూశాకే. అందుకని ఇలా అడిగాను. నొప్పి వద్దు, ఫిట్స్ వద్దు, పొలమారడం అసలే వద్దు. ఆ ఎడమ చెయ్యి మాత్రం కాస్త వంగే ఉండనీ తల్లీ. నేను వచ్చినప్పుడు దూరం నుంచే పోల్చుకుంటాను.

పన్నెండో తారీకు ఇల్లు చేరాం. అమ్మ సంచి విప్పి రెక్సిన్ షీటు తీసింది. మడత విప్పనే లేదు, మరక లేదు. అయినా సబ్బు పెట్టి ఉతికి, పెరట్లో దండెం మీద ఆరేసింది.