వీడియోలో డాక్టర్, వరండాలో అత్తమ్మ

మాది మణుగూరు. మా ఆయన ఓపెన్‌కాస్ట్ గనిలో పనిచేస్తారు. పోయిన ఎండాకాలం ఒకరోజు కూరగాయలు తరుగుతుంటే ఉన్నట్టుండి గుండె దడదడ కొట్టుకుంది. చేతులు తిమ్మిరెక్కాయి, ఊపిరి అందలేదు. ఇక అయిపోయింది, పిల్లల్ని చూడకుండానే పోతున్నాను అనుకున్నాను. ఆసుపత్రిలో ఈసీజీ, టూడీ ఎకో తీసి అంతా బాగుందన్నారు. "ఏం లేదమ్మా, గ్యాస్" అని పంపించేశారు. నెల తిరిగేలోపు మళ్ళీ నాలుగుసార్లు వచ్చింది. బస్సెక్కడం మానేశాను. తర్వాత బజారుకు వెళ్ళడం కూడా.

ఒక రాత్రి రెండింటికి నిద్రపట్టక 14416కి ఫోన్ చేశాను. అది టెలీ మానస్ నంబరు, మనసు బాగోలేనివాళ్ళు మాట్లాడే హెల్ప్‌లైన్. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది, ఏ వేళకైనా పలుకుతారు, డబ్బులు అక్కర్లేదు. తెలుగులోనే మాట్లాడాను. అవతలి అమ్మాయి అంతా విని, "చనిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అండీ?" అని సూటిగా అడిగింది. లేదన్నాను. అంత మామూలుగా అడిగేసరికి నాకు ఏడుపొచ్చింది, వెంటనే గుండె తేలికైంది. ఇది చదువుతున్న ఎవరికైనా ఆ ప్రశ్నకు జవాబు అవును అయితే, అపాయింట్‌మెంట్ తేదీ వచ్చేదాకా ఆగకండి. అప్పుడే ఆ నంబరుకు చేయండి, లేదా ఎవరినైనా తోడు తీసుకుని ఆసుపత్రికి వెళ్ళండి.

సైకియాట్రిస్ట్‌కి, అంటే మనసు జబ్బులు చూసే డాక్టర్‌కి, చూపించుకోమంది ఆ అమ్మాయి. బస్సంటేనే వణికిపోతున్నదాన్ని, హైదరాబాద్ ఎలా వెళ్ళను? అందుకే వీడియో.

మొదట ఒక యాప్‌లో డబ్బు కట్టాను. అవతలి డాక్టర్ కెమెరా ఆన్ చేయలేదు, ఏడు నిమిషాల్లో మూడు మందులు రాసేశారు. ఎందుకో మనసొప్పలేదు, అవి కొనలేదు. మంచిపనే చేశాను. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ (ఫోన్‌లో, వీడియోలో చేసే వైద్యం) నిబంధనల ప్రకారం ఇలాంటి మందులు మొదటిసారి రాయాలంటే పేషెంటును వీడియోలో చూడాలని తర్వాత తెలిసింది.

రెండో డాక్టర్ హైదరాబాద్ మేడమ్. మాట్లాడటం మొదలుపెట్టగానే నా పేరు, వయసు, ఇప్పుడు ఎక్కడ కూర్చున్నానో, ఇంట్లో ఇంకొకరి నంబరు అన్నీ రాసుకున్నారు. "నాకు మీరు దూరంగా ఉన్నారు కదమ్మా, ఏదైనా అయితే ఎవరికి చెప్పాలి?" అన్నారు. "లైన్ తెగితే కంగారు పడకండి, నేనే ఫోన్ చేస్తాను" అని కూడా చెప్పారు. దాదాపు ముప్పావు గంట అడిగారు. థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు ఇక్కడే చేయించుకుని రిపోర్టులు పంపమన్నారు. థైరాయిడ్ ఎక్కువైనా ఇలాగే దడ వస్తుందట. అవి మామూలుగా ఉన్నాయని చూశాకే పానిక్ డిజార్డర్ (ఉన్నట్టుండి విపరీతమైన భయం, దడ మళ్ళీ మళ్ళీ వచ్చే జబ్బు) అని పేరు చెప్పి, ఎస్సిటాలోప్రామ్ అనే మందు 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టారు. మొదటి వారం వికారం పెడుతుందని, గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుందని, నయమైందనిపించినా అడగకుండా ఆపొద్దని ముందే చెప్పారు. వికారం నిజంగానే పెట్టింది. ముందే తెలుసు కాబట్టి తట్టుకున్నాను.

మెడికల్ షాపులో మందుల చీటీ ఫోన్‌లో చూపిస్తే ఇవ్వలేదు. ప్రింట్ తీయించి, దానిమీద డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరు చూపించాక ఇచ్చారు.

వీటన్నిటికన్నా కష్టమైంది ఇంట్లో ఒక తలుపు వేసుకుని కూర్చోవడం. మాది రెండు గదుల ఇల్లు. నైట్ షిఫ్ట్ చేసి వచ్చి మా ఆయన ఒక గదిలో పడుకుంటారు, హాల్లో అత్తమ్మ, టీవీ. మాటల వైద్యం రెండో సెషన్ వంటింట్లో బియ్యం డబ్బాకు ఫోన్ ఆనించి చేశాను. మా నాన్న చావు గురించి చెప్పబోతుంటే అత్తమ్మ మంచినీళ్ళకు లోపలికొచ్చింది. మాట మింగేశాను. ఆ రాత్రి అత్తమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "ముందే చెప్పొద్దా బిడ్డా" అంది, అంతే. తర్వాతి వారం నుంచి ఆ గంటసేపు వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. పక్కింటివాళ్ళొస్తే "కోడలికి ఫోన్‌లో పనుంది" అని అక్కడే మాటల్లో పెట్టేది. నా వైద్యంలో సగం ఆమెదే.

ఆ మాటల వైద్యం సైకాలజిస్ట్‌తో, వారానికోసారి. ఒకరోజు ఆమె స్ట్రా తెచ్చుకోమన్నారు. ముక్కు మూసుకుని నిమిషం పాటు ఆ సన్నటి గొట్టంలోంచే ఊపిరి పీల్చాలి. ఇరవై సెకన్లకే గుండె అదే పాత దడ. చెయ్యి స్ట్రా వదిలేయబోయింది. "నేను చూస్తున్నాను, వదలకండి" అన్నారు స్క్రీన్ మీద. నిమిషమైంది. తీసేశాక దడ తనంతట తనే తగ్గింది. నేను పోలేదు. ఆ దడ నన్ను చంపదని ఒంటికి నేర్పడానికే అదంతా. ఇంట్లో రోజూ చేశాను, నిలబడ్డచోటే పరుగెత్తడం కూడా.

మధ్యాహ్నం గనిలో బ్లాస్టింగ్ జరిగితే మా కిటికీ అద్దాలు గలగలమంటాయి. మొదట్లో ఆ శబ్దానికే నాకు చెమటలు పట్టేవి. మొన్న సెషన్ మధ్యలో అద్దాలు ఊగాయి. "ఏంటండీ ఆ చప్పుడు?" అని సైకాలజిస్టే ఉలిక్కిపడ్డారు. "బ్లాస్టింగ్ మేడమ్, రోజూ ఉంటుంది" అని చెప్పి, ఆగిన మాట దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టాను.