తల్లి వీసా అయిపోతే బిడ్డ పుట్టనట్టేనా?

మా పాప బర్త్ సర్టిఫికెట్లో నా పేరు ఒక్క అక్షరం తప్పు పడింది. దాన్ని దిద్దించడానికి ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. మూడోసారి కౌంటర్లో ఆయన జిరాక్సులన్నీ తిరగేసి "మేడమ్‌ని కూడా తీసుకురండి సార్" అన్నాడు. తప్పు పడింది నా పేరు, ఎదురుగా నిలబడింది నేను, కావాల్సింది మా ఆవిడ! ఆ చిరాకులో ఉండగా చదివిన దక్షిణాఫ్రికా కేసు ఒకటి బుర్రలో అలా ఉండిపోయింది.

అక్కడి సైనికుడొకాయన శాంతి దళంతో కాంగో వెళ్ళి, అక్కడి అమ్మాయిని ఇష్టపడి, వాళ్ళ ఆచారం ప్రకారం పెళ్ళి కూడా చేసుకున్నాడు గానీ దక్షిణాఫ్రికా కాగితాల్లో అది పెళ్ళి కింద లెక్కకు రాలేదు. ఆమె విజిటర్ వీసా మీద వచ్చింది. నెలలు నిండుతున్నప్పుడు వీసా గడువు అయిపోయింది, ఆ స్థితిలో ప్రయాణం చేయలేక రెన్యువల్ చేయించుకోలేదు. 2016లో బిడ్డ పుట్టింది. 1992 నాటి జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం 30 రోజుల్లో నమోదు చేయించాలి. వెళ్తే, తల్లికి వీసా లేదు కాబట్టి కుదరదన్నారు. పోనీ "నేను ఈ దేశ పౌరుణ్ణే కదా, తండ్రిగా నేను రాయిస్తా" అని ఆయన అంటే, పెళ్ళి కాలేదుగా, అదీ కుదరదన్నారు.

ఆ చట్టంలో సెక్షన్ 10 అని ఒకటుండేది. పెళ్ళి కాని వాళ్ళకు పుట్టిన బిడ్డకు తల్లి ఇంటిపేరే పెట్టాలి, తండ్రి ఇంటిపేరు కావాలంటే ఇద్దరూ కలిసి వచ్చి అడగాలి. మొదట చదివినప్పుడు నాకు ముచ్చటేసింది, అమ్మ ఇంటిపేరు రాయమనే చట్టం మన దగ్గర ఎక్కడుంది అని. తీరా చూస్తే అది అమ్మ మీద గౌరవం కాదు, పెళ్ళి కాని మగాడు ఎలాగూ బాధ్యత తీసుకోడులే అనే పాత అనుమానం. ఆ అనుమానానికి శిక్ష పడింది మాత్రం బిడ్డకి.

ఆ దేశ రాజ్యాంగం 28వ సెక్షన్లో ప్రతి బిడ్డకూ పుట్టుకతోనే పేరు, జాతీయత హక్కు అని తేటగా రాసి ఉంది. రాజ్యాంగం అలా అంటుంటే కింది చట్టం ఇలా అడ్డుపడితే ఎలా? పిల్లల హక్కుల కోసం కోర్టుల్లో పోరాడే సెంటర్ ఫర్ చైల్డ్ లా అనే సంస్థ పట్టు వదల్లేదు. 2020లో హైకోర్టు, 2021 సెప్టెంబరులో రాజ్యాంగ న్యాయస్థానం ఆ సెక్షన్ 10 చెల్లదన్నాయి. ఇంకా ఆ పాత మాటలా "అక్రమ సంతానం" అన్నట్టు పిల్లల్ని విడిగా లెక్కగట్టడం వాళ్ళ గౌరవానికే దెబ్బ అని కోర్టు అంది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి మొగోయెంగ్ మాత్రం ఒప్పుకోలేదు, ఆయన తీర్పు వేరే రాశారు.

కాగితం లేకపోతే ఏం పోతుందిలే అనుకోకండి, ముందు ఆగేది బడి. పత్రాలు లేవని పిల్లల్ని బయటికి పంపొద్దని 2019 డిసెంబరులో అక్కడి మఖాండా నగరంలోని హైకోర్టు విడిగా చెప్పాల్సి వచ్చింది.

నాలుగోసారి మా ఆవిడ సగం రోజు సెలవు పెట్టి వచ్చింది. కౌంటర్లో ఆయన ఆమె వైపు తలెత్తి చూడనైనా లేదు.