డార్విన్ నుంచి బ్రూమ్ దాకా: గిబ్ రివర్ రోడ్డు, అద్దె బండి, 5,000 డాలర్ల బాండ్

నిన్న సాయంత్రం బ్యాంకు మెసేజ్ వచ్చింది. అద్దె బండి కంపెనీవాళ్లు మా బాండ్‌లో (బండి తీసుకునేటప్పుడు కట్టే డిపాజిట్) పట్టుకున్న 3,850 డాలర్లు కార్డులో తిరిగి జమయ్యాయి. బండి తాళాలు ఇచ్చేసి సరిగ్గా 41 రోజులు. ఆ వేడి చల్లారకముందే రాస్తున్నాను. మెల్‌బోర్న్‌లో మాకు తెలిసినవాళ్లలోనే మూడు జంటలు వచ్చే ఏడాది ఇదే దారిలో వెళ్దామనుకుంటున్నారు. అందరూ మొసళ్ల గురించే అడుగుతున్నారు. యార్డులో బండి తీసుకునే అరగంట గురించి ఒక్కరూ అడగలేదు.

ఉత్తర ఆస్ట్రేలియాలో మేం వెళ్లిన దారి ఇది: డార్విన్, కకడూ నేషనల్ పార్కు, కేథరిన్, కునునర్రా, అక్కణ్ణుంచి గిబ్ రివర్ రోడ్డు, డర్బీ, బ్రూమ్. పదహారు రోజులు. బండి డీజిల్ టొయోటా హైలక్స్, పైన మడత టెంటు, రెండు స్టెప్నీలు. మా ఆయన డ్రైవింగ్. టైర్లూ కాగితాలూ వంటా నావి.

కాలం విషయం ఒక్క మాట. మే నుంచి అక్టోబర్ దాకా వానలు లేని కాలం, అప్పుడే వెళ్లాలి. వానలు ఆలస్యంగా ఆగితే గిబ్ రోడ్డు తెరవడమూ ఆలస్యమే, కాబట్టి మే మొదటి వారానికి డబ్బు వెనక్కి రాని బుకింగ్‌లు చేసుకోకండి. పాస్‌లు మూడు: కకడూకి ఒకటి, నార్తర్న్ టెరిటరీ పార్కులకు ఒకటి, వెస్టర్న్ ఆస్ట్రేలియా పార్కులకు ఒకటి. మూడూ ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో కొనేయొచ్చు.

స్టూవర్ట్ హైవే మీద వేగం 130 దాకా ఉంది. పైన టెంటు ఉన్న బండికి 100 దాటించవద్దు, డీజిల్ నీళ్లలా తాగేస్తుంది. రోడ్‌ట్రైన్లు, అంటే వెనక వరసగా ట్రెయిలర్లు తగిలించిన లారీలు, 50 మీటర్లకు పైగా పొడవుంటాయి. దాటాలంటే ఎదురుగా కనీసం కిలోమీటరు ఖాళీ కనపడాలి. చీకటి పడ్డాక ఊరి బయట నడపకండి. ఆవులూ కంగారూలూ తారు మీదికి వచ్చి నిలబడతాయి, పైగా చాలా అద్దె ఒప్పందాల్లో రాత్రి జరిగిన ప్రమాదానికి బీమా వర్తించదు.

కేథరిన్ నుంచి కునునర్రా 510 కిలోమీటర్లు. మధ్యలో వెస్టర్న్ ఆస్ట్రేలియా సరిహద్దు దాటగానే గడియారం గంటన్నర వెనక్కి పోతుంది. జూన్‌లో అక్కడ సాయంత్రం ఐదింటికే పొద్దు గుంకుతుంది. నాలుగింటికల్లా టెంటు వేసేలా లెక్క వేసుకోండి.

ఆ సరిహద్దులోనే తనిఖీ కేంద్రం ఉంది. పళ్లు, కూరగాయలు, మొక్కలు, విత్తనాలు, తేనె అక్కడ ఆపేస్తారు. మన కరివేపాకు నిమ్మజాతి కుటుంబానిది, నిమ్మ నారింజ చెట్లను పట్టే పురుగులు దీన్నీ పడతాయి. తేనె ఎందుకంటే, వేరేచోట్ల తేనెటీగలను చంపే కొన్ని రోగాలు ఆ రాష్ట్రంలోకి ఇంకా రాలేదు. కారణం న్యాయమైనదే, వాదించకండి. అడగకముందే డబ్బాలన్నీ తెరిచి చూపించండి. ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, కరివేపాకు సరిహద్దుకి ముందురోజే వండి అవగొట్టేసి, తాజావి మళ్లీ కునునర్రాలో కొనుక్కోవాలి. కరివేపాకు పొడి, కందిపొడి, వండిన గోంగూర పచ్చడి మాకు ఏ ఇబ్బందీ లేకుండా దాటాయి.

వంట సామాను సర్దేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. గిబ్ రోడ్డు ఉపరితలం షెడ్డు మీద రేకులాగా అలలు అలలుగా ఉంటుంది. రోజుకి ఆరేడు గంటలు ఆ కుదుపులో ఒకదానికొకటి రాసుకుని అల్యూమినియం డబ్బాలకు చిల్లులు పడతాయి. ఆవకాయ గాజు సీసాలో వద్దు, ప్లాస్టిక్ డబ్బాలో పోసి, మూతకింద పల్చటి ప్లాస్టిక్ కాగితం వేసి బిగించి, తువ్వాలు చుట్టండి. కందిపప్పు బదులు ఎర్ర మసూరు పప్పు తీసుకెళ్తే గ్యాస్ బాగా కలిసొస్తుంది. తాగే నీళ్లు మనిషికి రోజుకి ఐదు లీటర్లు, రెండు 20 లీటర్ల క్యాన్లు ఎప్పుడూ నిండుగా ఉండాలి. ముందు బండి దుమ్ములో చిక్కుకున్నప్పుడు తప్ప ఏసీ బయటి గాలి లాగేలా పెట్టి ఫ్యాన్ పెంచండి. లోపల గాలి ఒత్తిడి ఎక్కువుంటే సందుల్లోంచి ఎర్రదుమ్ము రాదు.

ఇక టైర్లు. గిబ్ రోడ్డు దాదాపు 660 కిలోమీటర్లు. రెండు చివర్లా కొంత తారు, మిగతాది కంకర, ఎర్రమట్టి. 1960ల్లో పశువుల్ని డర్బీ, విండమ్ రేవులకు చేర్చడానికి వేసిన బాట అది. ఆ కంకర గులకరాయి కాదు, పగలగొట్టిన పెంకులా పదునుగా ఉంటుంది. తారు మీద మేం ముందు 36, వెనక 40 పీఎస్‌ఐ ఉంచాం. కంకర మొదలవగానే ముందు 27, వెనక 30కి దించాం. గాలి తగ్గితే టైరు నేలకు ఎక్కువ ఆనుతుంది, రాయి చుట్టూ ఒదుగుతుంది, కుదుపు బండికి తగ్గుతుంది. కానీ మరీ దించితే పక్క గోడలు ఉబ్బి రాళ్లకు ఎదురెళ్తాయి. పక్క గోడ చీలితే ప్యాచ్ పడదు, టైరు పోయినట్టే.

గాలి సరిపోయిందో లేదో గేజితోనే తెలుస్తుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కొలవండి, గంట నడిపాక మళ్లీ కొలవండి. నాలుగు పీఎస్‌ఐ పెరిగితే సరిపోయింది. ఆరేడు పెరిగితే టైరు వేడెక్కుతోందని అర్థం: గాలి తక్కువైనా అయ్యుండాలి, వేగం ఎక్కువైనా అయ్యుండాలి. అంత దించాక 80 దాటకూడదు. 80కి పైన పోతే అలల మీద తేలిపోతున్నట్టు హాయిగా ఉంటుందని చాలామంది చెప్తారు. ఆ హాయిలో టైర్లు నేలను సరిగ్గా పట్టుకోవు, మలుపులో బండి పల్టీ కొట్టేది అప్పుడే. మరో వాహనం తగలకుండా పల్టీ కొడితే బీమా ఇవ్వని కంపెనీలే ఎక్కువ.

పంక్చర్లు ఎక్కువగా వెనక టైర్లకే. ముందు టైరు రాయిని లేపి నిలబెడుతుంది, వెనకది దాని మీదికి ఎక్కుతుంది. మాకు ఒక్కటే అయింది, దారిలో ఎలెన్‌బ్రే అనే చోటు దాటాక, ఎడమవైపు వెనకది. జాకీ కింద పెట్టడానికి చదునైన చెక్క ఒకటి తీసుకెళ్లండి, ఆ మట్టిలో జాకీ దిగబడుతుంది. స్టెప్నీ వేశాక 50 కిలోమీటర్లకు ఆగి నట్లు మళ్లీ బిగించాలి. గంటకోసారి పది నిమిషాలు ఆగితే షాక్ అబ్జార్బర్లు చల్లబడతాయి. చెయ్యి దగ్గరికి తీసుకెళ్తే చాలు, ఎంత కాలిపోతున్నాయో తెలిసిపోతుంది.

డీజిల్‌కి కునునర్రా తర్వాత మేం లెక్క పెట్టుకున్నది మౌంట్ బార్నెట్ బంకు, దాదాపు 400 కిలోమీటర్లు. 80 లీటర్ల ట్యాంకు, వందకి 13 లీటర్ల చొప్పున సరిపోతుంది. పక్కదారులు పట్టేవాళ్లు 20 లీటర్ల క్యాన్ పెట్టుకోవాలి.

పెంటకోస్ట్ నది గురించి భయపెట్టేవాళ్లు ఎక్కువ. జూన్‌లో నీళ్లు మాకు మోకాలెత్తు కూడా లేవు. అడుగంతా గుండ్రాళ్లు. ఉప్పునీటి మొసళ్లున్న నది, లోతు చూడ్డానికి దిగి నడవకూడదు. ఒడ్డున ఆగి వేరే బండి దాటేదాకా చూడండి. నీళ్లలోకి దిగకముందే ఫోర్‌వీల్ డ్రైవ్‌ని లో రేంజ్‌లో (వేగం తక్కువ, లాగే బలం ఎక్కువ) పెట్టి, రెండో గేరు వేసి, మధ్యలో గేరు మార్చకుండా, నడక వేగంతో ఆగకుండా పోవాలి. ఒడ్డెక్కాక బ్రేకు నాలుగుసార్లు తేలిగ్గా తొక్కితే ఆరిపోతుంది. ఎక్కడ టెంటు వేసినా నీటి అంచుకి 50 మీటర్ల లోపు వద్దు.

ఇక గోర్జ్‌లు, అంటే కొండల మధ్య ఇరుకు లోయలు. మానింగ్ గోర్జ్, బెల్ గోర్జ్ స్నానాలకు. బండిల్‌ఙన్, అంటే విండ్జానా గోర్జ్, చూడ్డానికి మాత్రమే: అవి మంచినీటి మొసళ్లు, ఇసుక మీద వరసగా పడుకుని ఉంటాయి. టన్నెల్ క్రీక్‌లో 750 మీటర్లు కొండ లోపల నీళ్లలో నడవాలి, తలకు కట్టుకునే లైటు ఉండాలి. బునూబా జాతి వీరుడు జండమర్రా 1897లో చనిపోయింది అక్కడే. ఆ గుహలో నిలబడ్డప్పుడు నాకు మన్యంలో అల్లూరి గుర్తొచ్చాడు.

ఇంతవరకూ అన్నీ సవ్యంగానే జరిగాయి.

బ్రూమ్ యార్డుకి వెళ్లింది మధ్యాహ్నం. ఎర్రమట్టి వదిలేలా ముందురోజే బండి కడిగించాం, రసీదు ఉంది. యార్డు మనిషి బండి చుట్టూ తిరిగాడు, విండ్‌స్క్రీన్ మీద చిట్లిన మరక రాసుకున్నాడు, దానికి 420 అన్నాడు. సరే అన్నాం. తర్వాత ఫోన్ పట్టుకుని బండి కిందికి దూరాడు. లేచి, "సముద్రపు నీళ్లలో దింపారు, ఛాసిస్ మీద తుప్పు" అన్నాడు. బ్రూమ్‌లోని కేబుల్ బీచ్‌లో ఒకచోట దాటాక బండ్లు ఇసుక మీదికి వెళ్లనిస్తారు, ఆ సంగతి నిజమే. మా ఒప్పందంలో బీచ్ నిషేధం. మేం బీచ్‌కి నడిచి వెళ్లాం, బండి పైన పార్కింగ్‌లో ఉంది. ఆ మాటే చెప్పాం. అతను ఒప్పందం కాగితం మా ఆయన మొహం ముందు పెట్టి, వెనక నలుగురు నిలబడి ఉండగా, ఇందులోని ఇంగ్లిష్ మీకు అర్థమైందా అని అడిగాడు. ఒక్కో ముక్కా విడివిడిగా పలుకుతూ, చంటిపిల్లలకు చెప్పినట్టు. పద్నాలుగేళ్లుగా ఈ దేశంలో ఉంటున్నాం. ఇద్దరం ఇంజినీర్లం. మా ఆయన ఏమీ అనలేదు, చేతులు మాత్రం వణికాయి. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

5,000 బాండ్‌లో 3,850 తుప్పుకి, 420 అద్దానికి పట్టుకుని, 730 తిరిగిచ్చారు.

మేం చేసిన తప్పు డార్విన్‌లో. అక్కడ బండి చుట్టూ వీడియో తీశాను, గీతలన్నీ రాయించాను, కిందికి వంగి చూడలేదు. విమానం దిగిన అలసట, వెనక క్యూ, ఎండ. అద్దె బండికి బీమా సాధారణంగా కవర్ చేయనివి సరిగ్గా కిందా పైనా ఉండేవే: అడుగుభాగం, పైకప్పు, నీటి నష్టం. రోజుకింతని కట్టి ఎక్సెస్ (నష్టం జరిగితే మన జేబులోంచి పడే వాటా) తగ్గించుకున్నా వీటికి అది వర్తించదని సన్న అక్షరాల్లో ఉంటుంది. అందుకని చాప ఒకటి తీసుకెళ్లి పరుచుకుని, నేల మీద పడుకుని తియ్యండి వీడియో. నాలుగు చక్రాల వెనక, ఇంధన ట్యాంకు అడుగు, డిఫరెన్షియల్, సైలెన్సర్ గొట్టం, రెండు స్టెప్నీల పక్క గోడలు. టెంటు విప్పించి జిప్పులు, కుట్లు. వీడియో మొదట్లో నంబరు ప్లేటూ ఓడోమీటరూ కనపడాలి. అక్కడికక్కడే ఆ ఫైలు కంపెనీ మెయిల్‌కి పంపితే తేదీ మీద గొడవ ఉండదు. వాళ్లు తొందరపెట్టినా కదలకండి. మనవాళ్లకు ఎదుటివాళ్లను కాచుకోబెట్టడం మొహమాటం. ఆ మొహమాటం ఖరీదు మాకు దాదాపు నాలుగు వేలు అయ్యుండేది. గిబ్ రోడ్డు మీదికి వెళ్లొచ్చని అనుమతి కూడా మాటతో కాదు, మెయిల్‌లో రాయించుకోండి.

అడుగుభాగం వీడియో లేకపోయినా మమ్మల్ని కాపాడింది బండిలో వాళ్లు పెట్టిన జీపీఎస్ రికార్డు అడగడమేనని నా నమ్మకం. మట్టిదారులకు ఇచ్చే అద్దె బండ్లలో వేగం, చోటు రికార్డు చేసే పెట్టె ఉండటం మామూలే. మా మీద నిఘాకి పెట్టినదే మాకు సాక్ష్యం అయ్యేది. మూడో రోజు నేను రాసిన మెయిల్‌లో ఐదు అడిగాను: మేం ఉల్లంఘించామన్న నిబంధన నంబరు, బండి అడుగుభాగం ఫొటోలు మాకు ఇచ్చిన రోజువీ తిరిగి తీసుకున్న రోజువీ, బాగుచేసే వర్క్‌షాపు విడివిడిగా రాసిన అంచనా, ఆ పదహారు రోజుల జీపీఎస్ రికార్డు, మాకు ముందు అద్దెకు తీసుకున్నవాళ్లు అప్పజెప్పినప్పటి తనిఖీ కాగితం. ఒక్క కోపం మాట లేదు అందులో. కోపంగా రాసిన మొదటి చిత్తు చింపేశాను.

పది రోజులు జవాబు లేదు. వచ్చిన జవాబులో ఒకే ఒక్క ఫొటో, తేదీ లేదు. అప్పుడు కార్డు ఇచ్చిన బ్యాంకులో డిస్ప్యూట్, అంటే ఆ కోత చెల్లదన్న అభ్యంతరం, పెట్టాం. దానికి గడువు ఉంటుంది, మొదటి వారంలోనే కనుక్కోండి. వెంటనే రాష్ట్ర వినియోగదారుల రక్షణ విభాగానికి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు. వాళ్లు రెండు పక్షాల మధ్య రాజీ కుదిర్చే ప్రయత్నం చేస్తారు, ఫీజు లేదు. ఫిర్యాదులో ఒక వాక్యం తప్పక ఉండాలి: అందరికీ ఒకేలా అచ్చువేసిన ఒప్పందాల్లో అన్యాయమైన షరతులు పెట్టడం 2023 నవంబర్ 9 నుంచి ఆస్ట్రేలియాలో జరిమానా పడే చట్ట ఉల్లంఘన. నష్టం ఎవరివల్లో నిరూపించకుండానే కస్టమరే కట్టాలన్న వాళ్ల షరతుని అక్షరం పొల్లుపోకుండా ఎత్తిరాసి, దాని కింద ఈ తేదీ రాశాను.

ఆ తర్వాత పన్నెండు రోజులకు ఒక్క లైను మెయిల్: పునఃపరిశీలించి తుప్పుకి పట్టుకున్న మొత్తం తిరిగిస్తున్నాం. జీపీఎస్ రికార్డు మాకు ఇప్పటికీ పంపలేదు. క్షమాపణ లేదు. మా ఆయన వదిలేయమంటున్నారు. ఆ యార్డులో అడిగిన ప్రశ్నకి జవాబుగా ఇంకో ఉత్తరం రాసి ఉంచాను, రేపు పంపుతాను.

అద్దానికి 420 మాత్రం ఇష్టంగానే కట్టాం. గిబ్ రోడ్డు మీద ఇమింట్జీ అనే ఊరు దాటాక ఎదురొచ్చిన బండి వేగం తగ్గించలేదు, దాని వెనక చక్రం రాయి విసిరింది. ఎదురు బండి కనపడగానే ఎడమవైపుకి జరిగి 40కి తగ్గండి, అవతలివాళ్లు తగ్గించకపోయినా రాయి దెబ్బ సగం తగ్గుతుంది. మేం 60లో ఉన్నాం.