ముత్తాత వదిన

మా ముత్తాత గురించి మా ఇంట్లో చెప్పుకునే కథ ఒక్కటే. తోడబుట్టినవాళ్లు లేని ఆ మనిషి దేవరకొండ తాలూకాలోని మా ఊళ్లో చెలక కొట్టి, రాళ్లు ఏరి, ఒంటిచేత్తో పొలం సంపాదించాడని నాయినమ్మ చెప్పేది. నిరుడు వేసవిలో పాత ఇల్లు విప్పినప్పుడు అటక మీది ఇనుప సందూకలో, అంచులు చెదలు తిన్న ఉర్దూ కాగితాల కట్ట ఒకటి బయటపడేదాకా నేనూ అదే నమ్మాను.

నిజాం రాజ్యంలో 1884లో పారసీ స్థానంలో ఉర్దూ అధికార భాష అయింది కనుక, మన తాతల భూముల కాగితాలు చాలావరకు ఆ భాషలోనే, అదీ అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయే షికస్తా రాతలో ఉంటాయి. నల్లగొండలో ఉంటున్న ఒక విశ్రాంత ఉర్దూ ఉపాధ్యాయుడు భూతద్దం పెట్టి చదివి, "మీ ముత్తాతకు ఒక అన్న ఉండె సారూ, ఆయన ఫౌత్ అయినంక పెట్టిన దావా ఇది" అన్నారు. ఫౌత్ అంటే మరణం. వాది ఆ అన్న భార్య, ప్రతివాది మా ముత్తాత.

దావా తేదీ ఖుర్దాద్ మాసం, 1322 ఫస్లీ. ఫస్లీ అంటే నిజాం సర్కారు వాడిన సంవత్సరాల లెక్క. ఫస్లీకి 590 కలిపితే చాలని విని నేను 1912 అని రాసుకున్నాను. కానీ హైదరాబాదు ఫస్లీ సంవత్సరం అక్టోబరులో ఆజర్ మాసంతో మొదలవుతుంది, ఖుర్దాద్ వచ్చేసరికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోయి ఉంటుంది కనుక 591 కలపాలి. అంటే అది 1913 వేసవి.

ఆ కాలపు హిందూ ధర్మశాస్త్రం ప్రకారం, అన్నదమ్ములు ఉమ్మడిగా ఉండగా ఒకరు కొడుకులు లేకుండా పోతే ఆయన వాటా మిగిలినవాళ్లకు చెందుతుంది, భార్యకు దక్కేది పోషణ మాత్రమే. వేరుపడిన తరువాత పోతే ఆమె బతికినంతకాలం ఆ భూమిని అనుభవించవచ్చు. అందువల్ల దావా అంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది: వాళ్లు వేరుపడ్డారా, లేదా? సాక్షులను అడిగినవన్నీ ఇంటి లోపలి సంగతులే. పొయ్యిలు ఎన్ని, ధాన్యం ఒకే గుమ్మిలో పోశారా, పశువులను పంచుకున్నారా, పెద్దల పండుగకు బియ్యం ఎవరి ఇంటి నుంచి ఇచ్చారు? ఆ జవాబుల్లోనే నాకు ముత్తాత తల్లి పేరు, మేనమామల ఊరు, అంతవరకు ఎవరూ చెప్పని ఇద్దరు అక్కల పేర్లు దొరికాయి. పుట్టుకలు రాసిపెట్టే పుస్తకం లేని కుటుంబానికి ఆ వాంగ్మూలాలను మించిన వంశవృక్షం ఇంకెక్కడ దొరుకుతుంది?

ఇంగ్లండులోనూ మధ్యయుగాల పూర్వీకులను వెతికేవాళ్లు ఇదే దారి పడతారు. అక్కడ చర్చిల్లో బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు నమోదు చేయాలని ఆజ్ఞ వచ్చింది 1538లో. అంతకుముందరి మనుషుల కోసం వీలునామాలనూ, లాటిన్‌లో రాసి చుట్టిపెట్టిన జమీందారీ కోర్టుల రికార్డులనూ చదువుతారు. రైతు చనిపోతే ఆయన పశువుల్లో మేలైనదాన్ని దొర తీసుకునేవాడు, వారసుడు రుసుము కట్టి భూమిలోకి వచ్చేవాడు, ఆ సంగతి రికార్డులో ఎక్కేది. చనిపోయినవారి భూమిని వారసుల పేరున ఎక్కించే మన విరాసత్ కూడా అటువంటిదే. ఎన్నో ఊళ్లలో అక్కడి ఆచారం భర్త భూమిలో కొంత భాగాన్ని, కొన్నిచోట్ల మొత్తాన్ని, విధవకు అనుభవంలో ఉంచేదని చదివినప్పుడు నాకు మా ముత్తాత వదినే గుర్తుకొచ్చింది.

కట్టలో తీర్పు నకలు లేదు. ఆమె వాంగ్మూలం చివర మాత్రం నిశానీ ఉంది. నూటపదేళ్ల కిందటి ఆ బొటనవేలి గీతలు ఇప్పటికీ చెదరలేదు. నాయినమ్మ ఆమె పేరు ఒక్కసారైనా పలకలేదు. అది మరుపని నేను అనుకోను.

తరువాత మా ఊరి 1954-55 ఖాస్రా పహాణీ, అంటే ఏ భూమి ఎవరిదో, ఎవరి స్వాధీనంలో ఉందో రాసిన రెవెన్యూ రికార్డు, నకలు తీయించాను. పట్టాదారు గడిలో మా తాత పేరే ఉంది. అయితే ఒక సర్వే నంబరులో రెండెకరాల పది గుంటల ఖుష్కి (మెట్ట) భూమికి ఎదురుగా, భూమి ఎవరి స్వాధీనంలో ఉందో రాసే కబ్జాదారు గడిలో, భర్త పేరుతో సహా ఆమె పేరు ఉంది. దావా వేసి అప్పటికి నలభై ఏళ్లు దాటింది. ఆ చెలకను మేము ఇప్పటికీ అవ్వ చెలక అనే పిలుస్తాము. ఆ అవ్వ నాయినమ్మే అనుకుంటూ వచ్చాను.